దొర మోటారులో ఎలుకలు

ఆ రోజుల్లో మా రామన్నపేట వైపు దయ్యానికి జడవనివాడు కూడా చచ్చిన ఎలుకకు జడిసేవాడు. ఇంట్లో ఎలుక రాలిందంటే ప్లేగు వచ్చినట్టే లెక్క. ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి చేన్లలో గుడిసెలు వేసుకోవాల్సిందే. పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి, దొర మోటారు నడిపే నాకు మాత్రం సమయానికి గుర్తు రాలేదు.

యుద్ధంతో పెట్రోలు కరువై ఆ మోటారు ఏడాదిగా దొర ఉండే గడిలో, వడ్ల కొట్టం పక్కన పడి ఉంది. రోజూ తుడవడం నా పని (వారానికోసారి, అదీ పైపైన తుడిచేవాణ్ణి). పెట్రోలు దొరికింది, ఎల్లుండి బయలుదేరాలని దొర కబురు పెడితే తలుపు తీశాను. వెనక సీటు కడుపు చీల్చి ఎలుకలు కాపురం పెట్టాయి. లాంతరు గ్లాసు పగిలినందుకే జీతగాణ్ణి చింతబరిగెతో కొట్టించిన దొర ఆయన. ఎవరికీ చెప్పకుండా జొన్నపిండిలో బెల్లం, ఎలుకల మందు కలిపి, ఉండలు చేసి సీటు కింద పెట్టాను.

తిన్నచోటే చావాలని వాటికెవరు చెప్పారు? తెల్లారేసరికి గడి వాకిట్లో మూడు, వడ్ల కొట్టంలో నాలుగు, పక్క వాడలో ఇంకెన్నో. పొద్దెక్కకముందే ఊరు ఖాళీ చేయమని డప్పు మోగింది. జనం ఏడుస్తూ బండ్లకు మూటలెత్తుతున్నారు. నడవలేని మా అవ్వను వీపున ఎత్తుకోబోతే, "నన్ను ఈడనే ఇడిచిపెట్టు కొడుకా, నువ్వన్న బతుకు" అంది. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. చర్మం ఒలిచినా సరే అనుకుని గడికి పరుగెత్తాను.

పారిపోవడానికి దొర అప్పుడే మోటారు దగ్గరికి వచ్చాడు. కాళ్ళ మీద పడ్డాను.

"మీ బాంచెన్ దొరా, ఇది రోగం గాదు. సీటు కొరికినయని నేనే మందు వెట్టిన."

దొర లోపలికి తొంగి చూశాడు. చిరిగిన సీటులో రెండు ఎలుకలు వెల్లకిలా పడి ఉన్నాయి. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక్క గంతులో వాకిట్లో పడ్డాడు.

"ఊరోళ్ళు బెదురుతరని అబద్ధమాడుతున్నవా రా? జర దూరం ఉండు. గా సీటు పీకి కాలవెట్టు" అని ఎడ్లబండి ఎక్కాడు.

పీకాను, కాల్చాను. పదిహేను రోజులు ఊరంతా చేన్లలో చలికి వణికింది. నేను ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. తిరిగొచ్చాక, ప్లేగు ఎలుకల్ని ఒట్టి చేతుల్తో ఎత్తిన మొనగాడని దొర నా తలకు కొత్త రుమాలు చుట్టించాడు. అవ్వ పోయేదాకా ఆ కథే చెప్పుకుని మురిసింది. మొదట్లో కాదనేవాణ్ణి, తర్వాత మానేశాను. ఇప్పుడు ఆ ఇరవై ఏళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. పాపం, వాడు నిజంగా ధైర్యం చేసింది సీటు పీకినప్పుడు కాదు.