రెండు మామిడి పండగల పిల్ల

కిరందుల్ రైల్వే క్వార్టర్లలో ఆడపిల్ల ఇంటర్ పాసయితే ఆ రోజుల్లో రెండే దారులు: పెళ్ళి, లేకపోతే టైపు. గనులు జోరుగా నడుస్తున్న కాలం. మా నాన్న పనిచేసే బండ్లన్నీ ఇనుపరాయి మోసుకుని విశాఖపట్నం వైపు పోతుండేవి. నాకు మూడో దారి దొరికింది. తల్లీపిల్లల ఆరోగ్యం మీద సర్వే చేస్తున్న ఒక డాక్టరమ్మకి తెలుగూ హిందీ వచ్చి, రోజుకి ఐదారు మైళ్ళు నడవగల అమ్మాయి కావలసి వచ్చింది. నడుస్తావా అని అడిగితే, అప్పటిదాకా చర్చి దాటి నడవనిదాన్ని, తడుముకోకుండా నడుస్తానన్నాను.

మద్దేడ్ అనే ఊళ్ళో ఒక గది తీసుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేదాన్ని. భుజాన సంచిలో తూకం ముల్లు, పిల్లను వేసే గుడ్డ ఉయ్యాల, కార్డుల కట్ట. ఇంటి ముందు దూలానికి తూకం తగిలించేసరికి ఊరంతా పోగయ్యేది. ఉయ్యాల్లో పిల్లలు కెవ్వుమనేవారు, తల్లులు పగలబడి నవ్వేవారు. నేను "ఏటి" అన్నప్పుడల్లా ఇంకా నవ్వేవారు, అక్కడ అందరూ "ఏంది" అంటారు మరి. అన్నం ఎవరింట్లో వేళయితే వాళ్ళింట్లోనే. చెప్పులు అరిగేవి గాని, అంత సుఖంగా నేను తర్వాత ఏ ఉద్యోగంలోనూ లేను.

చిక్కల్లా వయసులతో వచ్చేది. కార్డు మీద మూడు రంగుల పట్టీలు ఉండేవి. వయసు ఒకవైపు, బరువు ఒకవైపు చూసి చుక్క పెట్టాలి. చుక్క ఆకుపచ్చలో పడితే నిశ్చింత, ఎరుపులో పడితే ఆసుపత్రి. కాని పుట్టిన తేదీ ఏ తల్లి చెబుతుంది? అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. అక్కడ ఊరి పెద్ద వెళ్ళి దేవుడికి మామిడికాయ పెట్టి పండగ చేసేదాకా ఎవరూ కాయ ముట్టరు. ఏడాదికి ఒక్కటే మామిడి పండగ. పుట్టాక బిడ్డ ఎన్ని మామిడి పండగలు చూసిందో అడిగితే అన్ని ఏళ్ళు, పై నెలలకి వానలనో కోతలనో అడిగి కలపడం. డాక్టరమ్మ మెచ్చుకుని సర్వేలో ఉన్న మిగతా అమ్మాయిలకు కూడా అదే నేర్పమంది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులవి. ఏడాదిలో కొద్ది రోజులే వచ్చే పని. తెల్లవారక ముందే అడవికి పోయి ఆకు తెచ్చి, మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని కట్టలు కట్టేవారు. అలా కట్టలు కడుతున్న ఒక చిన్న వయసు తల్లి ఇంట్లో, ఆమె మొదటి బిడ్డను తూచాను. ఎనిమిది కిలోలు.

"ఎన్ని మామిడి పండగలు చూసింది?"

"రెండు చూసింది అక్కా. మొదటి పండగకు జెర్ర ముందు పుట్టింది."

ఈ ఏటి పండగ ఇంకా రాలేదు. అంటే నిండా రెండేళ్ళు. రెండేళ్ళకు ఎనిమిది కిలోలంటే చుక్క ఎరుపులో, అదీ అట్టడుగున. నడుస్తుందా అంటే గోడ పట్టుకుని నిలబడుతుందంది. నోరు తెరిచి చూస్తే నాలుగే పళ్ళు. అన్నీ నా అనుమానానికే సాక్ష్యం చెప్పాయి. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండాలి, జీపు పంపిస్తామని చెప్పాను.

"పిల్ల మంచిగనే ఉన్నది కద అక్కా. నేను పదిహేను రోజులు అక్కడుంటే ఆకు నా కోసం ఆగుతదా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. "పిల్ల కంటే ఆకే ఎక్కువయిపోయిందేటి నీకు? ఈ పిల్ల నీకు దక్కాలని ఉందా, లేదా?" అనేశాను. ఆమె కట్టలు కట్టడం ఆపింది. వస్తానని తలూపింది. గెలిచాననుకుంటూ నేను మద్దేడ్ వెళ్ళి డాక్టరమ్మకి కబురు పంపాను.

నాలుగు రోజుల తర్వాత, జీపు వచ్చే పొద్దున, నేను ముందుగా ఆ ఇంటికి చేరుకున్నాను. అంతకుముందు రోజు పక్క ఊళ్ళో మామిడి పండగ జరిగింది. వాళ్ళిచ్చిన కాయలు సంచిలో ఉన్నాయి. తల్లి ఆ రోజు ఆకుకి పోలేదు. చీర మార్చుకుని, బట్టల మూట కట్టుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళంతా అడవిలోనే ఉన్నారు. ఆమెను ఉత్సాహపరుద్దామని ఒక కాయ తీసి కొరకబోయాను. ఆమె అత్తగారు ఒక్క అంగలో వచ్చి నా చెయ్యి పట్టేసుకుంది.

"ఏంది బిడ్డా, మా ఊర్ల పండగ ఇంక కాలే! లోపల పెట్టు."

"నిన్న అయిపోయింది కదా, పక్కూర్లో?"

"ఆ ఊరిది ఆ ఊరికే. మాది వచ్చే వారం. ఏ ఊరి పెద్ద ఎప్పుడంటే అప్పుడే."

కాయ సంచిలో పెట్టేశాను. ఊరికో రోజన్నమాట పండగ. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళడం మా ఇళ్ళల్లోనూ ఉన్నదే. "ఈ పిల్ల ఎక్కడ పుట్టింది?" అని అడిగాను.

"దాని తల్లిగారింట్ల. పోయినేడు అక్కడ పండగ చూసినంక పది రోజులకు తోలుకొచ్చినం. మా పండగ కూడ చూసింది, తల్లి ఒళ్ళనే."

ఒకే ఎండాకాలంలో రెండు మామిడి పండగలు! పిల్లకి ఏడాది దాటి నెల కూడా అయి ఉండదు. కార్డు తీసి మళ్ళీ చుక్క పెట్టాను. ఆకుపచ్చలో పడింది. గోడ పట్టుకుని నిలబడటం, నాలుగు పళ్ళు, అన్నీ ఆ వయసుకి తగినవే. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నాలుగో కాలు కళ్ళ ముందున్నా చూడలేదు నేను. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే ఎక్కువగా, పిల్ల బాగుందన్న సంతోషం తన్నుకొచ్చింది.

జీపు వచ్చింది. డాక్టరమ్మ దిగగానే, దాచకుండా చెప్పేశాను. ఆమె పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, బుగ్గ గిల్లి, తల్లికి ఇచ్చేసింది. తర్వాత నా వైపు తిరిగి, మరి మిగతా ఊళ్ళ కార్డుల సంగతేమిటని హిందీలో అడిగింది. పుట్టింట్లో కాన్పయిన పిల్లలందర్నీ మళ్ళీ అడగాలని చెప్పాను.

"నడుస్తావా?"

"నడుస్తానండీ."

తల్లి దగ్గరికి వెళ్ళి, ఆసుపత్రికి రానక్కర్లేదని, తప్పు నాదేనని చెప్పాను. నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. ఆమె మూట విప్పి, పాత చీర తీసి భుజాన వేసుకుంది. ఇంకా రెండు గంటలైనా ఆకు దొరుకుతుందని అత్తగారితో అంటోంది.

"నాలుగు రోజుల నుంచి నాకు నిద్ర లేదక్కా," అంది నాతో. "పండగలెన్నని అడిగినవ్, చెప్పిన. పళ్ళెన్నని చూసినవ్. పిల్ల ఎట్లున్నదని మాత్రం నన్ను అడగలే. మంచిగున్నదని నేనే చెప్తే రాసుకోలే."

ఆ మాటకి కార్డులో గడి లేదు. ఉన్నా రాసేదాన్ని కాదు, ఆ సంగతి నాకు తెలుసు. నేను అరుగు మీద కూర్చున్నాను.

"ఎలాగుందమ్మా పిల్ల?" అన్నాను.

ఆమె నా పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.