డిస్కు విప్పే కూలి

కర్నూలు, కడప రెండూళ్ళలోనూ బేరంలో నన్ను ఓడించినవాడు లేడు. మూడు వందల రూపాయల కూలిని ఒక్క మాటతో సున్నాకు దించిన మొనగాణ్ణి. ఆ మూడు వందలు మిగిలించడానికి మా అక్క తొమ్మిదేళ్ళుగా గీసిన బొమ్మలన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనానికీ కునుకుకీ మధ్య, ఈ చూపుడు వేలితోనే తుడిచేశాను. ఇంత చవకగా ఇంత పెద్ద పని చేసినవాడు ఇంకెవడైనా ఉంటే చెప్పండి, పోయి దండ వేసి వస్తాను.

మాది కర్నూలులో స్టీలు సామాన్ల అంగడి. మా నాయన నేర్పిన విద్య ఒకటే. చీటీలో ప్రతి వరుసకూ విడిగా బేరమాడు, చేతికి వస్తువు రాని వరుస కనిపిస్తే కొట్టెయ్. కట్టుడు కూలి, ఎత్తుడు కూలి, బండి బాడుగ, ఏదీ ఒప్పుకునేవాడు కాదు. ఆయన వస్తున్నాడంటే హోల్‌సేల్ వ్యాపారులు ఆ కూలి డబ్బులన్నీ ముందే సరుకు ధరలో కలిపేసి పెట్టుకునేవారు. ఆయన గెలిచానని సంబరంగా ఇంటికి వచ్చేవాడు. నేను ఆ సంబరం చూస్తూ పెరిగాను.

అక్కను కడపకిచ్చారు. బావ జీతం ఇంటి ఖర్చుకు సరిపోతే, పిల్లల చదువు అక్క మగ్గం వర్కు మీద నడిచేది. పెళ్ళి జాకెట్ల మీద నెమళ్ళు, మామిడి పిందెలు, పల్లకీలు. ముందు బటర్ పేపరు మీద బొమ్మ గీస్తుంది. గీత వెంబడి సూదితో సన్నని చిల్లులు పొడుస్తుంది. దాన్ని గుడ్డ మీద పరచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. నాలుగైదు సార్లు రుద్దేసరికి ఆ కాగితం జిడ్డోడి చిరిగిపోతుంది. అందుకే గీసిన ప్రతి బొమ్మనూ వరస నంబరు వేసి లాప్‌టాప్‌లో దాచుకునేది. కావలసినప్పుడు ప్రింటు తీసి మళ్ళీ పొడుచుకోవడమే.

ఆ లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే రెండేళ్ళ కిందట నేనే దగ్గరుండి బాగు చేయించాను. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక భాయ్ కంప్యూటర్లు బాగు చేస్తాడు, నెరిసిన గడ్డం, నెమ్మదైన మనిషి. లోపల తిరిగే పాత డిస్కు తీసేసి, తిరగని కొత్త రకం వేయాలన్నాడు. ఒకటైతే సరే, రెండు తీసుకుంటే ఎంతకిస్తావన్నాను. అలా ఒకే కంపెనీవి, ఒకే సైజువి జత కొన్నాను. ఒకటి అక్క లాప్‌టాప్‌లోకి, ఇంకొకటి చిన్న యూఎస్‌బీ డబ్బాలో పెట్టించి నా జేబులోకి. పాత డిస్కును మార్పిడి కింద ఇచ్చేసి ఇంకో నాలుగు వందలు తగ్గించుకున్నాను. “దాంట్లో అన్నీ ఉండాయి కదా సార్, కాపీ మాదిరి దాచిపెట్టుకోండి” అన్నాడు భాయ్. పాత బిందె తెస్తే కొత్త బిందెలో తగ్గించే వంశం మాది. పాతది ఇంట్లో ఉంచుకోవడమంటే మాకు దండగ.

ఈ ఏడు కడపలో ఇంకో అంగడి పెట్టాలనుకుని, నెలకు పది రోజులు అక్క ఇంట్లో ఉండవలసి వచ్చింది. నా లెక్కల పనికి కంప్యూటరు కావాలి. ఇంట్లో ఒకటుండగా ఇంకోటి కొనడమా?

“వాడుకో నాయనా, వద్దంటానా” అంది అక్క. “కానీ నా దాంట్లో ఏదీ కెలకద్దు. శ్రావణంలో పదకొండు పెండ్లిండ్లకు ఒప్పుకున్నా.”

“నీ దాన్ని ముట్టుకుంటే కదక్కా! నా డిస్కులో వేరే ఆపరేటింగ్ సిస్టం ఏసుకుంటా. తగిలిస్తే నాది, పీకేస్తే నీది. ఒక గడపలో రెండు కాపురాలు.”

“అట్లా రెండు కాపురాలు యాడన్నా సక్కంగా సాగినాయారా?”

నవ్వాను. కొత్త సిస్టం ఎక్కించే పెన్‌డ్రైవ్ కోసం భాయ్ దగ్గరికి పోయాను. ఆయన పని విడమరిచి చెప్పాడు. ముందు లాప్‌టాప్ అడుగు విప్పి, లోపలి డిస్కు ఊడదీసి పక్కన పెట్టాలి. అప్పుడు బయటి డిస్కు ఒక్కటే తగిలించి, దాంట్లో సిస్టం వేసి, అంతా అయ్యాక లోపలిది తిరిగి బిగించాలి. మూడు వందలవుతుంది.

“ఏం భాయ్, ఉండేదాన్ని పీకి, మళ్ళా ఉన్నచోటే పెట్టేదానికి మూడు వందలా?”

“భద్రానికి సార్. లోపల్ది లేకుంటే తప్పు పోయినా మీ డిస్కు మీదనే పోతాది. రెండూ ఉంటే యాడ కొడతాదో చెప్పలేము.”

“నాకు కండ్లుండాయి గదప్పా.”

“సరే, రెండు వందలియ్యండి.”

“ఆ వరుసే కొట్టెయ్. పెన్‌డ్రైవ్ చేసియ్యి, మిగతాది నేను చూసుకుంటా.”

ఆయన ఇంకా తగ్గకుండా నవ్వాడు. వ్యాపారి తగ్గడం మానేసి నవ్వితే ఆలోచించాలని పదేళ్ళ వయసులోనే నాకు తెలుసు. “అక్కయ్యవి కాపీ అన్నా తీసుకొని మొదలుపెట్టండి” అన్నాడు. కాపీ తీయాలంటే ఇంకో డిస్కు కొనాలి. “మూడోది కూడా నాకే అంటగట్టాలని చూస్తాండావా?” అన్నాను. ఆయన పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి పనిలో పడిపోయాడు.

ఆదివారం అక్క వంటింట్లో ఉండగా మొదలుపెట్టాను. కొంత దూరం పోయాక, ఏ డిస్కులో వేయాలో ఎంచుకోమంది. రెండు వరుసలు కనిపించాయి. కంపెనీ పేరు ఒకటే, సైజు ఒకటే, చివరి అంకె దాకా ఒకటే. జత బేరం కదా! యూఎస్‌బీ తీగ ఒక్కసారి పీకి చూసుంటే, మాయమైన వరుస నాదని తెలిసిపోయేది. పైసా ఖర్చులేని పరీక్ష. నాకు తోచలేదు. తోచింది వేరే. మా అంగడిలో గిన్నెలు దొంతరగా పేరుస్తాం, తర్వాత వచ్చిన సరుకు పైన ఉంటుంది. తర్వాత తగిలించింది నా డిస్కు, కాబట్టి పై వరుస నాది. ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా అని అడిగింది. నా డిస్కు ఖాళీ. ఖాళీ గిన్నె బోర్లించడానికి భయమెందుకు? సమ్మతమన్నాను.

అరగంటకు అయిపోయింది. అక్కను పిలిచి, “చూడు, నాది పీకేస్తే నీది ఎట్లా వస్తాదో” అన్నాను. డబ్బా పీకి చేతిలో పట్టుకుని లాప్‌టాప్ మళ్ళీ వేశాను. కొత్త సిస్టమే వచ్చింది. నా డిస్కు నా చేతిలో ఉంది.

“ఇది నాది కాదు కదరా” అంది అక్క.

“చిన్న తకరారు. భాయ్ దగ్గర చూపిచ్చుకొస్తా” అన్నాను.

ఆదివారమైనా ఆయన అంగడి తెరిచే ఉంది. గంటసేపు చూశాడు. పాత తిరిగే రకమైతే తుడిచినా ఎంతో కొంత గీకి తీయవచ్చట. ఈ కొత్త రకం తుడవమనగానే తనంతట తాను లోపలంతా శుభ్రం చేసుకుంటుందట. ఆ పాత డిస్కు సంగతి నేను అడగకముందే ఆయన తల అడ్డంగా ఊపాడు. దాన్ని ఖాళీ చేసి రెండేళ్ళ కిందటే ఎవరికో అమ్మేశాడు. ఎంతివ్వాలి భాయ్ అంటే ఏమీ వద్దన్నాడు. నేను బేరమాడకుండా సున్నా అయిన బిల్లు నా జీవితంలో అదొక్కటే.

ఇంటికి వచ్చేసరికి అక్క మగ్గం చట్రం ముందు కూర్చుని ఉంది. చెప్పాను.

“అన్నీనా?”

“అన్నీ.”

చేతిలోని సూదిని గుడ్డకు గుచ్చి ఆపింది. “భాయ్ ముందే చెప్పలేదా?”

“లోపల్ది విప్పుదామన్యాడు. మూడు వందలడిగినాడు.”

అక్క దారపు ఉండలు ఒక్కొక్కటే డబ్బాలో సర్దింది. తర్వాత, “నన్నడిగింటే నేనిచ్చేదాన్ని కదరా” అంది. డబ్బా మూత పెట్టి, “రేపు పొద్దున్నే పెండ్లికూతురి అమ్మ పల్లకీ జాకెట్టుకు వస్తాది. ఆయమ్మకేం చెప్పాల? మా తమ్ముడు బేరంలో గెలిచినాడు, మీరు ఇంకో ఇల్లు చూసుకోండని చెప్పాల్నా?” అంది. అరవలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి వాదించి, సగమైనా గెలిచేవాణ్ణి.

ఇక లెక్క. నాకు మిగిలింది పాత డిస్కు మీద నాలుగు వందలు, విప్పే కూలి మూడు వందలు. పదకొండు పెళ్ళిళ్ళలో ఆరు చేజారాయి. బయానాలు తిరిగివ్వాల్సి వస్తే నాలుగింటికి నేనిచ్చాను, రెండింటికి నాకు తెలియకముందే అక్క ఇచ్చేసింది. పిల్లల ఫీజుకు బావ నష్టానికి చీటీ పాడుకున్నాడు. ఆ నష్టం నేనిస్తానంటే తీసుకోలేదు. నా లెక్కలకు నేను కొత్త లాప్‌టాప్ కొన్నాను, దాన్నీ బేరమాడే కొన్నాను, అబద్ధమెందుకు. ఇప్పుడు కడప పోతే లాడ్జిలో దిగుతున్నాను. అక్క రమ్మంటుంది. ఆమె లాప్‌టాప్ ఉన్న గదికి మాత్రం తాళం ఉంటుంది.

మధ్యాహ్నాలు ఆమె పాత ఖాతాదారుల ఇళ్ళకు పోయి, మీ పెళ్ళి జాకెట్టు ఒక్కరోజు ఇస్తారా అని గుమ్మంలో నిలబడి అడిగి తెచ్చుకుని, దాని మీద కాగితం పరచి మళ్ళీ గీసుకుంటోంది. కొందరు ఇస్తున్నారు. కొందరు బీరువా తాళం కనపడలేదంటున్నారు. పోయిన బొమ్మలు నాలుగు వందల పన్నెండు. తిరిగి వచ్చినవి అరవై మూడు. బాకీ మూడు వందల నలభై తొమ్మిది.