ముప్పై ఐదున్నర

పదో తరగతిలో నన్ను ఏడిపించింది క్లోరిన్. దాని పరమాణు ద్రవ్యరాశి ముప్పై ఐదున్నర అని పుస్తకంలో ఉంది. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ లెక్కపెడితే పూర్తి అంకె రావాలి కదా, మరి ఈ అర ఎక్కడిది? బట్టీ పట్టెయ్యమన్నారు హాస్టల్ పిల్లలు. నాది మొండిఘటం. అర్థం కానిది నోటికి రాదు. సైన్సులో వరసగా తప్పి, ఇక చదువు నావల్ల కాదని అడవి అంచున ఉన్న మా ఊరికి కబురు పెట్టాను.

అవి మిరపకోత రోజులు. మావాళ్లు ముదిగొండ వైపు కూలికి పోతూ ఉంటే, నన్నూ వెంటబెట్టుకుపోదామని అమ్మ హాస్టల్‌కు వచ్చింది. రేకుపెట్టెతో గేటు దాకా వచ్చేసరికి సైన్సు మేడం అడ్డం నిలబడ్డారు.

“ఏం అర్థం కాలేదో చెప్పి వెళ్లు.”

“సగం న్యూట్రాన్ ఉంటదా మేడం?” కోపంగానే అడిగాను.

“ఉండదు. క్లోరిన్ పరమాణువులు రెండు రకాలు. ఒకటి ముప్పై ఐదు, ఒకటి ముప్పై ఏడు.”

“పేరు ఒక్కటే అయినంక బరువు రెండెట్ల ఉంటది?”

మా ఇంట్లో తూకం అనేదే లేదు. గింజలైనా ఇప్పపువ్వైనా సోలతో కొలవడమే. సోల నిండితే అన్నీ సమానం. ఆ మాటే చెప్పాను. మేడం అమ్మ వైపు తిరిగి, ఇప్పపువ్వు అమ్మేటప్పుడూ అంతేనా అని అడిగారు.

“యాడ మేడం! సోల అదే, పువ్వు అదే. కాంటా ఎక్కితే ఎండింది తేలిక, చెమ్మది బరువు,” అంది అమ్మ.

మేడం మొహం వెలిగిపోయింది. చీర నలుగుతుందని కూడా చూడకుండా నేలమీద కూర్చున్నారు. ఎండిన సోల ముప్పై ఐదు, చెమ్మ సోల ముప్పై ఏడు అనుకోమన్నారు. క్లోరిన్‌లో చెమ్మకు బదులు రెండు న్యూట్రాన్లు ఎక్కువ, అంతే. ఎండినవి మూడు, చెమ్మది ఒకటి కలిపి, మొత్తం బరువును మళ్లీ నాలుగు సోలలకు సమంగా పంచమన్నారు. మట్టిలో వేలితో లెక్క వేశాను. సోలకు ముప్పై ఐదున్నర! ఏ పువ్వూ సగం కాలేదు. క్లోరిన్ కూడా దాదాపు ఆ పాళ్లలోనే దొరుకుతుందట.

“గట్లనా మేడం!” అని పగలబడి నవ్వాను.

అమ్మకు క్లోరిన్ ఏమిటో తెలియదు. నా మొహం కేసి కాసేపు చూసి, రేకుపెట్టె నా చేతిలోంచి తీసుకుని గేటు లోపల పెట్టింది.

“నేనొక్కదాన్నే పోత. నువ్వు పరీక్ష రాసి రా బిడ్డా.”

పాసయ్యాను. మేడం రుణం ఈ జన్మకు తీరేది కాదు. అమ్మది అసలే తీరదు. ఆ ఏడు నా వంతు మిరప సాళ్లు కూడా ఆమే కోసింది.