సిగ్నల్ బండ మీద జోగమ్మ

పద్మనాభం దాటి కొండ వారగా పోతే వచ్చే ఆ చిన్న ఊళ్లో సెల్‌ఫోన్లకు కొదవ లేదు, సిగ్నల్‌కే కరువు. అది దొరికేది ఒక్కచోటే, ఊరి వెనకాల మిట్ట మీదున్న బండ దగ్గర. ఎవరికి ఆపద వచ్చినా జనం ముందు పిలిచేది జోగమ్మను. ఆవిడ పరుగున బండ మీదికెక్కి నూట ఎనిమిదికి ఫోను చేస్తుంది, అంబులెన్సు బండి వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. నోటి దురుసు మనిషే కానీ, ఆ పనికి ఆమెను మించినవాళ్లు లేరు.

ఆ పనిలో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. నాలుగేళ్ల కిందట ఆమె మొగుడు సూరన్నను పొలంలో పాము కరిచింది. జోగమ్మ బండ మీదికెక్కి ఫోను చేసింది, చేసి మొగుడి దగ్గరకు పరిగెత్తింది. ఏ ఆడది పరిగెత్తదు? ఊరి బయట చింతచెట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎటు రావాలో అడగడానికి డ్రైవరు చేసిన ఫోన్లు, కిందికి దిగిపోయిన జోగమ్మకు అందలేదు. బండి చెరువు గట్టు దాకా పోయి వెనక్కి తిరిగొచ్చేసరికి సూరన్న చల్లబడిపోయాడు. తప్పు ఎవరిదీ కాదన్నారు అందరూ. జోగమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆమె కూతురు శ్రీవల్లికి, కాన్పుకు ఇంకా నెల ఉండగానే నొప్పులొచ్చాయి. నెత్తురు కూడా పోతోంది. అల్లుడు గోపి కూర్మన్నపాలెం అవతల డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి గంగాలమ్మను కూతురి దగ్గర కూర్చోబెట్టి జోగమ్మ బండ మీదికెక్కి ఫోను చేసింది. వస్తున్నామన్నారు.

ఇక అక్కడి నుంచి ఆమె అవస్థ చూడాలి. కాలు కాలిన పిల్లిలా బండ మీద అటూ ఇటూ తిరిగింది. పైనుంచి తన ఇంటి రేకులు కనిపిస్తూనే ఉన్నాయి. "అమ్మా" అని శ్రీవల్లి అరుపు వినబడింది. జోగమ్మ నాలుగడుగులు కిందికి వేసింది. ఫోనులో గీతలు పోయాయి. తనను తానే తిట్టుకుంటూ మళ్లీ పైకెక్కింది. అరుపులు వినబడినంతసేపూ ఏడ్చింది, అవి ఆగిపోయాక ఇంకా భయపడింది.

గంగాలమ్మ పెరట్లోకొచ్చి కేక వేసింది. "ఒలే జోగీ, పిల్ల నిన్నే అడుగుతంది, రాయే."

"నాను రాను. అమ్మ ఇక్కడే ఉందని సెప్పు."

అప్పుడు మోగింది ఫోను. "అమ్మా, సింతసెట్టు కాడున్నాం. ఎటెల్లాలి?"

"ఎడం పక్క బాబూ. కుడి పక్క సెరువే. ఫోను పెట్టేయకు, నాను సూత్తన్నాను."

బండి ఇంటి ముందు ఆగడం, కూతురిని ఎక్కించడం, గంగాలమ్మ తోడెక్కడం, అన్నీ పైనుంచే చూసింది. తను దిగి వెళ్లేలోగా బండి కదిలిపోయింది. ఇంట్లో ఉంటే కబురు అందదు కనుక మళ్లీ బండ మీదికే ఎక్కి కూర్చుంది.

సాయంత్రానికి గంగాలమ్మ ఫోను చేసింది. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు. తర్వాత శ్రీవల్లి ఫోను తీసుకుంది. గొంతులో నీరసం, దాని వెనకాలే కోపం.

"నాన్నకాడికైతే పరిగెట్టినావు. నాకాడికి రానేదేటే అమ్మా?"

"అందుకేనే," అంది జోగమ్మ. బండ మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.