అంగన్‌వాడీలో సేపల బేరం

మా టీచరమ్మ మీద నాకు మొదట్నించీ అనుమానమే. పేరు ఇంద్రజ. దువ్వాడ నుంచి బస్సెక్కి మా జాలరిపేట అంగన్‌వాడీకి వొస్తాది. ఆళ్లది గోదారి జిల్లా అంట, నాన్నకి స్టీల్‌ప్లాంట్లో ఉద్యోగమంట. నన్ను "మామ్మగారండీ" అంటాది. సేపలమ్ముకునే కాశమ్మని ఇన్నాళ్లూ ఎవులూ గారూ గీరూ అన్నేదు. ఊరికినే అంత మర్యాద ఎవులు సేత్తారు, మీరే సెప్పండి.

మా మనవరాలు హేమశ్రీకి నాలుగేళ్లు. దాని తల్లి తెల్లారకుండానే రొయ్యల కంపెనీకి ఎలిపోద్ది. మావోడు బోటు మీద ఎల్తే ఎప్పుడొస్తాడో సముద్రానికే తెలాల. గుంటని పెంచింది నానే. దీనికి మాత్రం తట్ట మోసే బతుకొద్దు, కుర్సీలో కూకునే ఉద్యోగం రావాల, అదొక్కటే నా కోరిక. అంగన్‌వాడీకి తోలతన్నది అందుకే, ఆళ్లిచ్చే గుడ్డు కోసం కాదు.

ఆ సోమారం గుంట కాగితం సేప పట్టుకొని ఇంటికొచ్చింది. మొప్ప కాడ ఎర్ర రంగు పూసుంది. ఆ మొప్ప ఎత్తి నాకు సూపించి, "సూడమ్మా, ఇప్పుడే ఒడ్డుకొచ్చిన సరుకు" అంది. అచ్చం నా గొంతే. మా కోడలు పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రానేదు.

"అఆలు రాయించిందా మీ టీచరు?" అనడిగాను.

"నేదు. బజారాట ఆడాం."

మర్నాడు తూకం రాళ్లకి బదులు ఇసక పోసి కాగితం సేపల్ని తూసారంట. బుధారం హార్బర్లో లాగ వేలం పాడారంట. దువ్వాడమ్మికి మొప్ప సంగతీ వేలం సంగతీ ఎలాగ తెలుసు? మా గుంటల్ని అడిగి కూపీ లాగతంది. జాలరోళ్ల పిల్లలు సదివి ఎవుల్ని ఉద్ధరిస్తారు, ఆ తట్టేదో ఇప్పట్నుంచే నేర్పీస్తే పోద్దనుకుంది కామోసు. రాత్రంతా నాకదే ఆలోసన. ఒళ్లు మండిపోనాది.

లచ్చివారం బేరం అయిపోగానే తిన్నగా అక్కడికే ఎల్లి కిటికీలోంచి తొంగి సూసాను. నా బంగారుతల్లి నెత్తి మీద ప్లాస్టిక్ టబ్బెట్టుకొని "కోనాం, సందువ, కవళ్లూ" అని సేపల పేర్లు కేకలేస్తంది. ఇంకేటుంది, లోపలికి దూసుకెల్లిపోనాను.

"ఏటి టీచరమ్మా, తట్టెత్తడం నాను నేర్పలేననా నీ దగ్గరికి తోలతన్నాను?"

"ఆటేనండి, మామ్మగారండీ. బేరం ఆడితే లెక్కా వస్తుంది, మాటా వస్తుందండి. ఈ వయసుకి పలక కన్నా ఇదే మంచిదండి."

"రేపు నీకు పిల్లలు పుడితే ఆళ్ల సేత కూడా తట్టెత్తిస్తావా?"

ఆ పిల్ల మొకం సిన్నబోయింది. "సరేనండి, రేపు హేమశ్రీకి వేరే వేషం ఇస్తానండి" అంది. అంత బేగి ఒప్పుకోడమేటి? నానటు ఎల్లగానే మళ్లీ తట్టే ఇస్తాదని అనుమానం పట్టుకుంది. అందుకని శుక్కురారం బేరం మానుకొని మరీ ఎల్లి, అంగన్‌వాడీ గుమ్మం పక్కన గోడకి జారబడి కూకున్నాను.

ఆరోజు టబ్బు మా పక్కింటి సన్నీగాడికిచ్చింది. మా హేమకి తన పంజాబీ డ్రెస్సు మీది సున్నీని సీరలాగ సుట్టి, సంకకి హేండుబేగు తగిలించింది. కొనడానికొచ్చే అమ్మగారంట. ఎంత ముద్దుగా ఉందో నా తల్లి. నాకే దిష్టి తీయాలనిపించింది. టీచరమ్మని అనోసరంగా ఆడిపోసుకున్నానేటో అని కూడా అనుకున్నాను.

గుంట టబ్బు కాడికెల్లింది. సున్నీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "లిఫ్టెక్కొచ్చావా? కంపు కొట్టేస్తుంది. మెట్ల మీంచి రమ్మని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని టబ్బుని కాలితో అవతలికి తోసింది. గుంటలందరూ గొల్లున నవ్వారు. సన్నీగాడు మాత్రం ఏడుపు మొకం ఎట్టాడు.

నాను లేసి టీచరమ్మ మీదికెల్లిపోనాను. "ఇదా నువ్వు నేర్పేది? మమ్మల్ని సీదరించుకోడం మా పిల్లలకే నేర్పుతావా?"

"నేను నేర్పలేదండి. నాకూ ఇప్పుడే తెలిసిందండి" అంది. నాను నమ్మనేదు. గుంట రెక్క పట్టుకొని ఇవతలికి లాగాను.

"ఎవులు నేర్పారే ఈ మాటలు? టీచరేనా?"

అది నాకేసి వింతగా సూసింది. "పెద్ద బిల్డింగమ్మ ఆదోరం నిన్ను అలాగే అన్నాది కదా నానమ్మా. నువ్వు నవ్వావు కూడాను."

అంగన్‌వాడీ సెలవని ఆదోరం దాన్ని నాను సేపలమ్మే ఆ ఫ్లాట్ల బిల్డింగుకి నా కూడా తీసుకెల్లాను. మెట్ల మీద కూకుని ఆడుకుంటంది, దానికేటి తెలుస్తాదిలే అనుకున్నాను. ఆయమ్మ అలా అన్నమాట నిజం. నాను నవ్విన మాటా నిజమే. ఆయమ్మదే నాకు బోణీ, ఎదురు సెబితే బేరం పోద్ది. ఎన్నేళ్లుగానో అలాగే నవ్వుకొస్తన్నాను. మనవరాలి ముందర నాకు తలకొట్టేసినట్టయిపోనాది.

టీచరమ్మ సన్నీగాడి కళ్లు తుడుస్తా కూకుంది.

"టీచరమ్మా" అన్నాను, "సోమారం మా గుంటకే ఆ టబ్బివ్వు."

"వద్దన్నారు కదండి, మామ్మగారండీ?"

"ఇప్పుడిమ్మంటన్నాను కదా. కొనడానికి నువ్వే రా. వొచ్చి 'లిఫ్టెక్కొద్దు' అను. దానికేటి సమాదానం సెప్పాలో ఈ ఆదోరం ఆ పెద్ద బిల్డింగమ్మ ముందరే గుంటకి నాను నేర్పుతాను."