తేదీ వేసిన కాగితం

మా కాలేజీ ఆఫీసు గుమాస్తా పోయాడని శుక్రవారం పొద్దున్న, రిటైరైన లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరసగా దండం బొమ్మలు. వాటి కింద ఎవరిదో మనవరాలి పుట్టినరోజు కేకు. ఆ దండాలు పెట్టినవాళ్లలో ఇద్దరు, అతన్ని హాస్టల్ బియ్యం గదికి తోలిన మీటింగులో కూర్చున్నవాళ్లే. నేనూ కూర్చున్నాను. అందుకే దండం పెట్టలేదు.

కూర్మన్నపాలెం దాటాక ఉండే ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మాది. పేరు రాయను. తిట్టినా ప్రచారమే అనుకునే మనుషులు వాళ్లు. అతను ఫీజు కౌంటర్లో ఉండేవాడు. ఏ చుట్టరికమూ లేకపోయినా నన్ను "బావా" అనేవాడు. "నీ చెల్లెల్నేమీ చేసుకోలేదయ్యా నేను" అని విసుక్కుంటే, "సేసుకోలేదు కాబట్టే ఇంత బాగున్నాం బావా" అనేవాడు.

కౌంటరు కిటికీ ఎత్తు. పొట్టి పిల్లలు కాగితం చాపితే లోపలికి వేళ్లే కనపడేవి. ఆటోనగర్ నుంచి ఒక సిమెంటు దిమ్మ ఆటోలో వేయించుకొచ్చి కిటికీ కింద పెట్టించాడు. "మొకం సూడకుండా డబ్బులెలా పుచ్చుకుంటాం బావా?"

చదువు మధ్యలో వదిలేసే పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. క్లాసులకి రాకపోతే కాలేజీ మానేసినట్టే అనుకుంటారు. కాగితం ఇవ్వనంత కాలం పేరు రిజిస్టర్లోనే ఉంటుంది. గడువు దాటితే ఫీజు వెనక్కి రాదు. వేరేచోట చేరితే ప్రభుత్వ సాయం అందదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువా దాటవు. ఈ తెలియనితనం మీదే మా యాజమాన్యం ఒక అంతస్తు లేపింది.

అతను మాత్రం అలాంటి పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టేవాడు. "సెప్పకుండా ఎల్లిపోతే ఎల్లిపోయినట్టు కాదమ్మా, కాగితం రాయి." తేదీ ముద్ర వేసి, సిరా ఆరేలా ఉఫ్ మని ఊది, నకలు మీద కూడా వేసి, "తేదీ పైకి సదువు" అనేవాడు. పిల్ల చదివేదాకా కాగితం కొస వదిలేవాడు కాదు.

ఒక సోమవారం మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, వాళ్ల క్లాసు ఇన్‌ఛార్జిని నేనే కాబట్టి, నా దగ్గరికొచ్చింది. తీరం వైపు పిల్ల. తల్లి చేపలమ్మి ఫీజు కట్టింది. నర్సింగులో ప్రభుత్వ సీటొచ్చింది, సర్టిఫికెట్లు కావాలంది. ఫీజు వెనక్కి ఇచ్చే గడువు ఆ రోజుతో సరి. నా చేతిలో పుస్తకం ఉంది, ఒక్క అధ్యాయం మిగిలింది. "ప్రిన్సిపాల్ గారు లేరమ్మా, రేపు రా" అన్నాను.

ఏడుస్తూ మెట్లు దిగుతుంటే అతను పిలిచాడట. "రేపంటే ఏటుంటాది పాపా? రాయి."

తర్వాతి వారం మీటింగు. పిల్ల మంగళవారం వచ్చిందనీ, గుమాస్తా జాలిపడి పాత తేదీ వేశాడనీ యాజమాన్యం వాదన. "సోమవారం మీ దగ్గరికి వచ్చిందా?" అని నన్నడిగారు.

"గుర్తులేదు" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. "సారుకి గుర్తు నేకపోతే గేటు రిజిస్టర్ తెప్పించండి. పిల్ల సంతకం ఉంటాది" అన్నాడు.

ఉంది. అమ్మాయికి డబ్బూ సర్టిఫికెట్లూ వచ్చాయి. అతనికి బియ్యం బస్తాలు లెక్కపెట్టే పని వచ్చింది, రిటైరయ్యేదాకా. నాకు మాత్రం వెళ్లేటప్పుడు శాలువా కప్పారు.

ఆ తర్వాత ఒకసారి బస్టాపులో నా చేతిలో పుస్తకం చూసి నవ్వాడు. "ఇన్ని పుస్తకాలు గుర్తుంటాయి నీకు. ఒక్క సోమవారం గుర్తు నేదేటి బావా?"

వెటకారమే, కోపం లేదు. నాకే వచ్చింది కోపం. ఆ రోజు నుంచి ఒక స్టాపు వెనక్కి నడిచి బస్సెక్కడం మొదలుపెట్టాను. అలా ఎన్నేళ్లు నడిచానో! ఇప్పుడు ఆ స్టాపులో ఎంతసేపు నిలబడినా నన్ను బావా అనేవాడు లేడు.

నిన్న కాలేజీకి వెళ్లాను. కిటికీ మూసి, దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే అని కాగితం అంటించారు. దిమ్మ అక్కడే ఉంది. ఎక్కి నిలబడ్డాను. నాకు దాని అవసరం లేదు, పొడుగు మనిషిని. వంగితే గాని కిటికీకి మొహం ఆనలేదు.

"సోమవారమే బావా" అన్నాను.

దిగి చూస్తే, పిల్లల కాళ్లకి అరిగి దిమ్మ నడుమ చిన్న గుంట. అందులో రాత్రి వాన నీళ్లు, నా చెప్పులు కదిలించినందుకు ఇంకా ఊగుతున్నాయి.