నలభై మూడు వీడియోలు

ఆవిడను పేషెంట్ల ఇళ్లలో అందరూ కట్ల సిస్టరు అనేవారు. ఇంజక్షన్ ఇవ్వడం, బీపీ చూడడం కూడా వచ్చు గానీ, పదకొండేళ్లుగా ఆవిడ పని పుళ్లు కడిగి కట్లు కట్టడమే. ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లు, మంచాన పడి వీపు ఒరుసుకుపోయినవాళ్లు, షుగరు వల్ల కాలి పుండు ఎంతకీ మాననివాళ్లు. రోజుకు ఏడెనిమిది ఇళ్లు తిరిగేది. హస్తవాసి మంచిదని పేరు. కట్టు విప్పేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒక మాటలో పెట్టేది.

ఇళ్లకు నర్సులను పంపే ఆ ఆఫీసులో ఒక నియమం ఉండేది. కట్టు విప్పగానే ఒక ఫొటో, కడిగాక ఒకటి, కొత్త కట్టు కట్టాక ఒకటి తీయాలి. మూడూ ఆఫీసు యాప్‌లో పెట్టి, కింద గడిలో రెండు ముక్కలు రాయాలి. అవి ఆఫీసుకు వెళ్లేవి, ఆవిడ ఫోన్‌లోనూ ఉండిపోయేవి. అలా పోగై పోగై పదిహేను వేలు దాటాయి. పక్క సీటు మనిషి చూస్తే హడలిపోతాడని బస్సులో గ్యాలరీ తెరిచేదే కాదు. ఒక పేషెంటు ఇంట్లో ఒకావిడ కాలక్షేపానికి "మీ పిల్లల ఫొటోలుంటే చూపించండి" అని అడిగితే నవ్వి ఊరుకుంది. పిల్లలు లేరు.

ఉన్నది భర్త. ఆయన ఇళ్లకు రంగులు వేసే మేస్త్రి. నోరు మూతపడని మనిషి. పనిలో ఉండగా నిచ్చెన మీంచే ఫోన్ పట్టుకుని భార్యకు వీడియోలు చేసి పంపేవాడు. "ఇదిగో డాక్టరమ్మా, ఈ ఇంటాయనకు తెలుపే కావాలట, కానీ మరీ తెల్లగా ఉండకూడదట" అని ఇంటాయన గొంతు పెట్టి అనేవాడు. పాట ఎత్తుకుని, చరణం మరిచిపోయి, సొంత మాటలు కలిపి లాగించేవాడు. ఆవిడ రెండిళ్ల మధ్య దారిలో చూసి తనలో తాను నవ్వుకునేది.

రెండేళ్ల కిందట ఒక ఉదయం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. కాలు కొంత తిరిగొచ్చింది. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తాడు. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది. "అదే." ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే, బాగుందన్నా అదే. ఏ అదే దేనికో ఆవిడకు తెలుసు. ఆయన పంపిన వీడియోలు నలభై మూడు ఫోన్‌లో ఉన్నాయి. ఒకసారి ఆయనకు ఉత్సాహంగా ఉంటుందని ఒకటి పెట్టింది. తన గొంతు వినగానే ఆయన ముఖం గోడవైపు తిప్పేసుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు. తనూ చూడలేదు. ఉన్నాయి, అంతే.

ఆ రోజుల్లో ఆవిడ వెళ్లే ఇళ్లలో ఒకటి కంపోజిటరు తాతగారిది. పాతకాలపు ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి వాక్యాలు కూర్చిన మనిషి. ఎడమ పాదం బొటనవేలి కింద పుండు. ఆరు నెలలుగా రోజు విడిచి రోజు వెళ్లి కట్టు కట్టేది. పుండు చిన్నదవుతూ వచ్చింది. అలాంటిది ఒక గురువారం కట్టు విప్పితే పక్క వేలి చివర రంగు మారి కనిపించింది. అమావాస్య నలుపు కాదు, వంకాయ రంగు. ముట్టుకుంటే చల్లగా ఉంది. దగ్గరగా పెట్టి రెండు ఫొటోలు ఎక్కువే తీసింది. గడిలో "వేలు నల్లబడుతోంది, వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలి" అని రాసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆయన కొడుకుతో కూడా చెప్పింది. అతను ఒక చేత్తో షూ వేసుకుంటూ, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, ఆఫీసులో ఆడిట్ నడుస్తోందనీ, వచ్చే వారం తీసుకెళ్తాననీ అన్నాడు. మర్నాడు కాకుండా ఆ తర్వాతి రోజు వెళ్లి మళ్లీ చెప్పింది. అదే జవాబు.

సరిగ్గా ఆ వారమే ఆఫీసు కొత్త యాప్ తెచ్చింది. సోమవారం నుంచి అదే వాడాలి, లేకపోతే హాజరు పడదు. ఆవిడ ఫోన్‌లో అది ఎక్కనంది. స్టోరేజ్ నిండిపోయింది, కొంత ఖాళీ చేసుకోండని చూపించింది. సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే, పాత ఫొటోలు తీసేయమనీ, అన్నీ తమ దగ్గర భద్రంగా ఉన్నాయనీ విసుగ్గా చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ మంచం మీద కూర్చుని ఫోన్ ముందేసుకున్నారు. ముందు ఆవిడ మానిపోయిన పుళ్లు తీసేసింది. తర్వాత చనిపోయినవాళ్లవి. ఒక్కొక్కటే నొక్కుతుంటే గంట గడిచినా గడ్డిపరకంత ఖాళీ కాలేదు. భర్త ఎడమ చెయ్యి చాచి ఫోన్ అడిగాడు. ఇచ్చింది. ఆయన వేలితో జరుపుకుంటూ పోయి, ఏవి ఎక్కువ చోటు తింటున్నాయో చూపించే పేజీ పట్టుకున్నాడు. అన్నిటికన్నా పైన తన వీడియోలే ఉన్నాయి. పదకొండు జీబీ. నలభై మూడింటినీ ఒకేసారి ఎంచి, చెత్తబుట్ట గుర్తు మీద వేలు పెట్టబోయాడు.

ఆవిడ ఫోన్ లాగేసుకుంది.

"నీకేమైనా మతిపోయిందా?"

"అదే," అన్నాడాయన, కట్ల ఫొటోలు చూపించి, అవి ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపుతూ. తర్వాత వేలు తన గుండె మీద పెట్టుకుని, ఇది పోనీ అన్నట్టు గాల్లోకి విసిరాడు.

"ఇవి ఎక్కడికీ పోవు. ఆ పుళ్లు ఎవరికి కావాలి? అన్నీ ఆఫీసులో ఉన్నాయట."

పంతం పట్టినట్టు నెలలకు నెలలు ఎంచి కట్ల ఫొటోలన్నీ కొట్టేసింది. కంపోజిటరు తాతగారి వేలు కూడా అందులోనే పోయింది. తీసేసినవి ముప్పై రోజులు ఫోన్‌లోనే ఒక మూల దాక్కుంటాయని, అవీ చోటు ఆక్రమిస్తాయని ఎవరో చెప్పగా విన్నది. ఆ మూల కూడా ఊడ్చేసింది. కొత్త యాప్ ఎక్కింది. ఇల్లు సర్దుకున్నంత తృప్తిగా అనిపించింది ఆవిడకు.

మర్నాడు తెల్లవారకముందే కంపోజిటరు తాతగారిని ఆసుపత్రిలో చేర్చారు. అప్పటికే విషం పైకి పాకింది. కాలు చీలమండ పైదాకా తీసేశారు. దూరంగా ఉన్న కూతుళ్లు వచ్చి, ఇంతదాకా ఎలా రానిచ్చావని అన్నను నిలదీశారు. నర్సు ఒక్క మాట చెబితేగా అన్నాడు కొడుకు. ఆ మాటే కాగితం మీద పెట్టి ఆఫీసుకు పంపాడు.

సూపర్‌వైజరు ఆవిడను పిలిపించాడు. ఆవిడ నిబ్బరంగానే వెళ్లింది. ఏ తారీఖున ఏం రాసిందో చెప్పి, తీసి చూడమంది. అతను కంప్యూటరులో అటూ ఇటూ వెతికి, కొత్త యాప్‌లోకి పాత ఫొటోలూ రాతలూ రాలేదనీ, పాతది మూసేశారనీ చెప్పాడు.

"మీ ఫోన్‌లో ఉంటాయి కదా సిస్టర్?"

"తీసేయమన్నది మీరే కదా సార్."

"పాతవి తీసేయమన్నాను. మొన్నటివి కూడా తీసేయమన్నానా?"

విచారణ పూర్తయ్యేదాకా పనికి రావద్దన్నాడు.

ఫోన్ రిపేరు షాపుకు వెళ్లింది. షాపతను మర్యాదస్తుడు. ఫోన్‌ను తన యంత్రానికి తగిలించి రెండు గంటలు కుస్తీ పట్టాడు. పాతికో ముప్పయ్యో తిరిగొచ్చాయి, అవీ సగం బూడిదరంగు పలకలు. ఒకదాంట్లో ఎవరిదో మోకాలు. ముందే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉండాల్సిందని చెప్పి, పని జరగలేదుగా అని డబ్బు తీసుకోలేదు.

ఇక మిగిలిన దారి ఒకటే అనిపించి ఆవిడ తాతగారింటికి వెళ్లింది. కొడుకు పనికి వెళ్లిన వేళ చూసుకుని వెళ్లింది. కోడలు తలుపు తీసి, మొహం చూడకుండానే పక్కకు తప్పుకుంది. తాతగారు మంచం మీద ఒత్తిగిలి ఉన్నారు. దుప్పటి బయట ఎడమ కాలు పాదం దాకా రాకుండానే ఆగిపోయింది. ఆవిడ కళ్లు ముందు కట్టు మీదికే పోయాయి. బిగుతుగా, అస్తవ్యస్తంగా ఎవరో కొత్తవాళ్లు కట్టినట్టుంది.

"నొప్పిగా ఉందా తాతగారూ?"

"లేని వేలే ఎక్కువ నొప్పి పెడుతోందమ్మా. చెబితే నవ్వుతారు."

ఆవిడ నవ్వలేదు. దుప్పటి సరిచేస్తూ అడిగింది. "ఆ రోజు నేను గుమ్మం దగ్గర చెప్పింది మీకు వినపడిందా?"

"వినపడింది. రెండుసార్లు చెప్పావు."

"ఆ ఒక్క మాట ఆఫీసువాళ్లతో అంటారా?"

ఆయన వంటింటి వైపు చూశారు. వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. కోడలు వింటోందని ఇద్దరికీ తెలుసు. ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"నేను వాడింట్లో ఉన్నానమ్మా."

అంతకు మించి అడగడానికి ఆవిడకు మనసొప్పలేదు. కట్టు కాస్త వదులు చేసి, దిండు కాలి కిందికి జరిపి వచ్చేసింది.

నెల తిరగకుండానే ఉద్యోగం పోయింది. అలాంటి ఆఫీసులన్నీ ఒకరినొకరు కనుక్కుని గానీ మనుషులను తీసుకోవు. ఆరు నెలలు తిరిగాక ఒక చిన్న ఆసుపత్రిలో దుప్పట్లు, పరికరాలు శుభ్రం చేసే గదిలో పని దొరికింది. పుళ్ల జోలికి ఆవిడను పోనివ్వరు.

ఉద్యోగం ఎందుకు పోయిందో భర్తకు చెప్పలేదు. ఆఫీసు మూతపడిందని చెప్పింది. కానీ ఒక రోజు తనతో పని చేసిన సిస్టరు చూడడానికి వచ్చి, ఆయనకు మాట రాదు కాబట్టి వినపడదన్నట్టుగా, జరిగిందంతా ఆయన ముందే ఏకరువు పెట్టింది. ఆ ఫొటో ఒక్కటి ఉంచుకుని ఉంటే సరిపోయేదని కూడా అంది. ఆయన తల దించుకుని విన్నాడు. అదే అని కూడా అనలేదు.

ఆ తర్వాతి సెలవు రోజున ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి ఫోన్ ఆయన ఒళ్లో ఉంది. ఎడమ చేత్తో రంగుల గోళీలు కలిపే ఆట ఒకటి ఆడుకుంటాడు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు. సాయంత్రం అనుమానమొచ్చి చూసింది. నలభై మూడు వీడియోలూ లేవు. తీసేసినవి దాక్కునే ఆ మూలలో ఉన్నాయి, ఇంకా ముప్పై రోజుల గడువుతో. ఆ మూల ఊడ్చడం ఆయనకు తెలియలేదో, చేతకాలేదో.

ఆవిడ వాటన్నిటినీ వెనక్కి తెచ్చి, ఫోన్‌కు తాళం పెట్టింది. నంబరు ఆయనకు చెప్పలేదు. రెండు రోజులు ఆయన ఫోన్ కోసం చెయ్యి చాచాడు. ఆవిడ చూడనట్టు పనిలో పడింది. మూడో రోజు నుంచి చాచడం మానేశాడు. ఆవిడ పనికి వెళ్లేముందు ఆయన దగ్గర రేడియో పెట్టి వెళ్తుంది. వచ్చేసరికి అది ఆపేసి ఉంటుంది.